కాపుల్ ద్వీపము, దాని భాష

దూరదేశములకు బోయి వచ్చినవారు తాము చూచిన కొండలనుగూర్చియు, కట్టడములనుగూర్చియు చెప్పుదురు. చెవిని బడిన మాటలనుగూర్చి చెప్పువారు తక్కువ. ఐనను కొన్ని యూళ్లలో చూడదగినదానికంటె వినదగినదే యెక్కువగా నుండును. ఫిలిప్పీను ద్వీపములలోని కాపుల్ అను చిన్న పట్టణ మట్టివానిలో నొకటి. ఈ పేరు వినగానే చదువరులకు మన పల్లెల కాపులు జ్ఞప్తికి రావచ్చును గాని, ఆ మాటకును ఈ మాటకును ఎట్టి సంబంధమును లేదు.

కాపుల్ ద్వీపమంతయు గలిసి సుమారు 35 చదరపు కిలోమీటర్లు; జనసంఖ్య సుమారు పండ్రెండువేలు. మన వైపున నొక పెద్ద గ్రామమునం దుండు జనమే యచ్చట నొక ద్వీపమునిండ నున్నారు. ఇంత చిన్న ద్వీపమునకు తనదైన భాష యొకటి కలదు. దాని పేరు ఇనబక్నోన్. చుట్టుపట్లనున్న ద్వీపములలో నెచ్చటను ఆ భాష వాడుకలో లేదు. దానికి దగ్గఱి బంధువులైన భాషలు ఆరువందల కిలోమీటర్లకు పైగా దూరమున, దక్షిణసముద్రములలో నున్నవి. ఈ భాష యచ్చటి కెట్లు వచ్చినది? వచ్చి యిన్ని శతాబ్దము లెట్లు నిలిచినది? ఇకమీదట నిలుచుటకు ఏమి కావలయును? ఈ మూడు ప్రశ్నలను మనసున నుంచుకొని చదువరులను ఆ ద్వీపమునకు గొనిపోదుము. ఓడకూలి యక్కఱలేదు, భూపటము చేతనుండిన చాలును.

ద్వీపములు, భాషలు

ఫిలిప్పీను దేశము ఆసియాఖండమునకు ఆగ్నేయదిక్కున, పసిఫిక్ మహాసముద్రపు అంచున నున్నది. దాని ద్వీపముల సంఖ్య 7,107 అని చాలకాలము పాఠ్యపుస్తకములలో నుండెను. 2016లో ప్రభుత్వపు సర్వే శాఖవారు క్రొత్తగా లెక్కించి 7,641 అని ప్రకటించిరి. ఉత్తరమున లూజాన్, దక్షిణమున మిందనావ్ అను రెండు పెద్ద ద్వీపములు. నడుమ విసయ ద్వీపములను దీవుల గుంపు. 1565 మొదలు 1898 వఱకు ఈ దేశము స్పెయినువారి పాలనలోను, పిమ్మట అమెరికావారి పాలనలోను నుండి, 1946 జూలై 4వ తేదీన స్వతంత్రమాయెను.

ఈ దేశమున నూటముప్పదికి పైగా భాషలున్నవి. ఇన్ని భాషలేల యుండవలె నని విద్యార్థు లడుగవచ్చును. మైదానదేశమున నొక యూరినుండి మఱియొక యూరికి బండిబాట పోవును. బాట వెంబడి మాటయు బోవును. ద్వీపముల మధ్య నట్టి బాట లేదు. తండ్రి తాతల మాట ఆ దీవియందే పెరిగి, కొన్ని తరములు గడచుసరికి ప్రక్కదీవి మాటకంటె వేఱగును. కొండలును సముద్రమును భాషలను బెంచు తొట్లవంటివి.

రాజధానియగు మనీలా ప్రాంతపు భాష టగాలోగ్. 1937లో అప్పటి అధ్యక్షుడు మాన్యుయేల్ కెసోన్ ఈ భాషను ఆధారముగ జేసికొని జాతీయభాష నేర్పఱుపవలసినదని ప్రకటించెను. ఆ జాతీయభాషకే యిప్పుడు ఫిలిపీనో యని పేరు. 1987 నాటి రాజ్యాంగచట్టముచే ఫిలిపీనో, ఇంగ్లీషు అను రెండును అధికారభాషలై యున్నవి.

త్రోవలో వినబడు మాటలు

మనీలానుండి కాపుల్‌నకు భూమార్గమున బోవువారు బస్సునెక్కి లూజాన్ ద్వీపపు దక్షిణపు కొసవఱకు బోవలెను. అది పండ్రెండు గంటలకు తక్కువ కాని ప్రయాణము. ఆ కొసనున్న రేవు పేరు మాత్నోగ్. అచ్చట బస్సులు, లారీలు గూడ పట్టు పెద్ద పడవనెక్కి జలసంధిని దాటి సామార్ ద్వీపమందలి ఆలెన్ రేవున దిగవలెను. ఆ తీరమునుండి చిన్న మోటారుపడవమీద కాపుల్ చేరవచ్చును.

ఈ చిన్న పడవలను బాంకాలందురు. పడవ సన్నగా నుండును. దాని కిరువైపుల కొంతదూరమున పొడవైన వెదురుబొంగులను అడ్డుకొయ్యలతో బిగించి కట్టుదురు. అల వచ్చి పడవను ఒకవైపునకు ఒరగించినప్పుడు ఆవైపు వెదురు నీటిని నొక్కి పడవను మరల నిలువబెట్టును. వెడల్పు లేని పడవ సముద్రముమీద బోరగిలబడకుండుటకు ఇంతకంటె సులభమైన యుపాయము లేదు. మన కోస్తాతీరపు బెస్తలు దుంగలను జతపఱచి కట్టు తెప్పను చూచినవారికి, ఒకే కష్టమునకు రెండు దేశములవారు కనిపెట్టిన రెండు మార్గములు బోధపడును.

ఈ ప్రయాణమున కన్నులకంటె చెవులకే పని యెక్కువ. ఉదయమున నొకరి నొకరు పలుకరించు మాటలను మాత్రము గమనింపుడు. మనీలాలో 'మగందాంగ్ ఉమాగా' యందురు. బస్సు బికోల్ ప్రాంతము చేరినంతనే అది 'మార్హాయ్ నా ఆగా' యగును. జలసంధి దాటి సామార్‌లో దిగినచో 'మవుపాయ్ ఙా ఆగా' యని వినబడును. అది వారాయ్ భాష. సామార్ తీరమునకును కాపుల్‌నకును నడుమ దలుపిరి యను నింకొక ద్వీపము కలదు. అందలి సాన్ అంతోనియో పట్టణమువారి భాష సెబువానో గావున అచ్చట 'మాయోంగ్ బుంతాగ్' అందురు. నాలుగింటికిని అర్థ మొక్కటే: శుభోదయము.

శ్రద్ధగా విన్నవారికి ఇందులో నొక సంగతి తెలియును. బికోల్ మాటలోను, వారాయ్ మాటలోను ఉదయమునకు 'ఆగా' యే పేరు; టగాలోగ్ 'ఉమాగా'లో గూడ అదియే దాగియున్నది. అనగా ఈ భాషలు అక్కచెల్లెండ్రు. తెలుగు వచ్చినవానికి కన్నడపు మాట లక్కడక్కడ తెలిసినట్లు, వీరిలో నొకరి మాట మఱియొకరికి కొంత తెలియును. కాపుల్ రేవున దిగినవాని కీ యాధారము తప్పిపోవును. దలుపిరి ద్వీపమును విడిచి యెంతయో దూరము రాలేదు; ఐనను భాష పూర్తిగా మాఱినది. వారాయ్ మాటలాడు సామార్‌వానికి సైతము కాపుల్‌వారు తమలో దాము మాటలాడుకొనునది బోధపడదు.

ఊరు, కోట, దీపస్తంభము

లూజాన్‌నకును సామార్‌నకును నడుమనున్న జలమార్గమునకు సాన్ బెర్నార్డినో జలసంధి యని పేరు. కాపుల్ దీని ముఖద్వారమున కాపలావానివలె నిలిచియున్నది. ఒకవైపున పసిఫిక్ మహాసముద్రము. మఱియొకవైపున దీవులమధ్యనున్న లోపలి సముద్రము. ఈ రెండింట పోటును పాటును ఒకే వేళకు రావు. ఒకవైపు నీరు ఎత్తుగా నున్నప్పుడు రెండవవైపు నీరు పల్లముగా నుండును. అందుచే ఇఱుకైన దారిగుండ నీరు మిక్కిలి వేగముతో ఇటునటు పరుగిడును. పడవవాండ్రు గాలినేగాక ఈ వేళలను గూడ కనిపెట్టి కదలవలెను.

1565 మొదలు 1815 వఱకు, అనగా రెండువందల యేబది సంవత్సరములు, మనీలానుండి మెక్సికోదేశపు అకపూల్కో రేవునకు స్పెయినువారి పెద్ద ఓడలు నడచెను. చీనాపట్టు, పింగాణీ, సుగంధద్రవ్యములు అటు పోయెను. వెండినాణెములు ఇటు వచ్చెను. ఓడలు నైరుతి ఋతుపవనమును నమ్ముకొని సాధారణముగా జూన్, జూలై నెలలలో మనీలా విడిచి, దీవులమధ్యనుండి మెల్లగా వచ్చి, ఈ జలసంధి గుండ మహాసముద్రమున బ్రవేశించెడివి. కాపుల్ అను పేరు అకపూల్కో పేరునుండియే వచ్చినదని అచ్చటివారు చెప్పుకొందురు.

ఇట్టి రాజమార్గము ప్రక్కన నుండుట మేలును తెచ్చును, కీడును తెచ్చును. 1596లో సామార్ ప్రాంతమునకు జెస్యూటు సన్యాసులు వచ్చిరి. వారి యాదిగురువైన లొయోలా ఇగ్నేషియస్ పేర కాపుల్‌లో దేవాలయ మేర్పడెను. ఆ దేవాలయము చుట్టును రాతిగోడలును, మూలల బురుజులును గల కోట నేడును నిలిచియున్నది. ప్రార్థనాలయమునకు కోటగోడ లేల? ఆ శతాబ్దములలో దక్షిణద్వీపములనుండి దోపిడిపడవలు వచ్చి, తీరగ్రామములను తగులబెట్టి, చిక్కిన మనుష్యులను బానిసలుగా గొనిపోవుచుండెను. పడవలు కనబడినంతనే ఊరివారందఱును గోడలలోనికి వచ్చి చేరుటకై గుడియే కోట గావలసివచ్చెను. విసయ ద్వీపతీరములలో నిట్టి గుడికోటలు పెక్కు కలవు.

ద్వీపమున నొక దీపస్తంభమును గలదు. పందొమ్మిదవ శతాబ్దాంతమున స్పెయిను ప్రభుత్వమువారు ఈ యపాయకరమైన దారిలో ఓడలకు గుఱుతుగా దానిని కట్టించిరి. ఊరివారికి జీవనాధారము సముద్రపుచేపలును, కొబ్బరితోటలును. కొబ్బరికాయలను పగులగొట్టి, కురిడీలుగా నెండించి యమ్ముట సామార్ ప్రాంతమంతటను గల వృత్తి. మన కోనసీమవారు కాపుల్ తోటలలో నిలుచుండినయెడల చెట్లను జూచి స్వస్థలమే యనుకొందురు. మాట వినబడినప్పుడుగదా తేడా తెలియుట!

ఇనబక్నోన్ అనగా నేమి?

ఇప్పుడు భాషను విచారింతము. ఫిలిప్పీను భాషలు దాదాపుగా నన్నియు ఆస్ట్రొనీషియన్ అను నొక మహాకుటుంబములోనివి. ఈ కుటుంబపు వ్యాప్తి యాశ్చర్యకరము. పడమట ఆఫ్రికాతీరమందలి మడగాస్కర్ మొదలు తూర్పున పసిఫిక్ నడుమనున్న ఈస్టర్ ద్వీపమువఱకు, ఉత్తరమున తైవాన్ మొదలు దక్షిణమున న్యూజీలాండువఱకు ఈ భాషలే. అయిదు అను సంఖ్యకు మలయాలోను, టగాలోగ్‌లోను, వారాయ్‌లోను 'లిమా' యే, న్యూజీలాండు మావోరీలలో 'రిమా', మడగాస్కర్‌లో 'దిమి'. సముద్రముమీద పడవలతో వ్యాపించిన భాషాకుటుంబములలో దీనికి సాటిలేదు.

ఇంత పెద్ద కుటుంబములో శాఖలు పెక్కు. వారాయ్, సెబువానో మొదలగునవి విసయశాఖకు చెందినవి. ఇనబక్నోన్ ఆ శాఖది కాదు. సామా-బజావ్ అను వేఱొక శాఖది. సామాజనులు ప్రసిద్ధులైన నావికులు. సులు ద్వీపములు, బాసిలాన్, జాంబోవాంగా తీరము, బోర్నియో తీరము, ఇండొనీషియా దీవులు వీరి నివాసములు. వీరిలో కొందఱు నిన్నమొన్నటివఱకు పడవయే యిల్లుగా, సముద్రమే వాకిలిగా జీవించినవారు. జాంబోవాంగానుండి కాపుల్‌నకు సూటిగా గొలిచినను ఆరువందల కిలోమీటర్లు మించును. విశాఖపట్టణమునకు చెన్నపట్టణ మెంతదూరమో దాదాపుగా నంత దూరము. ఈ నడుమ ఎన్ని దీవులున్నను అందెల్ల ఇతరభాషలే.

శాఖాభేదమును పండితు లెట్లు కనుగొందురని విద్యార్థు లడుగుదురు. నిత్యము వాడు మాటలను ప్రక్కప్రక్కన నుంచి పోల్చుట యొక పద్ధతి. ఇంటికి టగాలోగ్‌లో 'బహాయ్', వారాయ్‌లో 'బలాయ్'. సులు ప్రాంతపు సామాభాషలలో 'లుమా', మలయాలో 'రుమా'. మొదటి రెండును ఒక జత, తరువాతి రెండును ఒక జత యని చిన్నపిల్లవాడైనను జెప్పగలడు. ఇట్టి మాటలను వందలకొలది పోల్చి, ధ్వనులు మాఱిన తీరును, వాక్యములు కట్టు రీతిని గూడ పరీక్షించి, ఏ భాష ఏ భాషకు జేరువయో నిశ్చయింతురు.

భాష పేరులోనే యొక వ్యాకరణపాఠ మున్నది. మన తెలుగులో ప్రత్యయములు మాటచివర చేరును: చెట్టు, చెట్టునకు, చెట్టునందు. ఫిలిప్పీను భాషలలో మాటముందు చేరునవి కలవు, చివర చేరునవి కలవు, మాటకడుపులో దూరునవియు గలవు! 'సామా' యనునది జనుల పేరు. మొదటి హల్లు తరువాత 'ఇన్' అను ధ్వనిని దూర్చిన 'సినామా' యగును. అది వారి భాష. అట్లే 'బిసయా' జనుల భాష 'బినిసయా'. మాట అచ్చుతో మొదలైనచో ఆ 'ఇన్' ముందే నిలుచును. 'అబక్నోన్' అనగా కాపుల్ జనులు. వారి భాష 'ఇనబక్నోన్'.

ఎచ్చటనుండి వచ్చినది?

ఈ పేరునకు మూలమైన 'అబక్' ఎవరు? ద్వీపవాసుల ఐతిహ్యమున ఆయన యొక నాయకుడు. దక్షిణమున పలావాన్ ద్వీపము కొసనున్న బలాబక్ అను దీవిలో ఆయనయు, ఆయన జనులును నివసించిరట. అచ్చట మహమ్మదీయ ప్రభువుల యధికారమునకు లోబడుట కిష్టపడక, జనులను పడవల నెక్కించుకొని ఉత్తరముగా వచ్చి యీ ద్వీపమున దిగెనట. ద్వీపమునకు గూడ మొదట అబక్ అనియే పేరుండెనని చెప్పుదురు.

భాషాశాస్త్రజ్ఞుల మార్గము వేఱు. 1985లో కెంప్ పాలెసెన్ అను పండితుడు సామాభాషలనుగూర్చి విపులమైన గ్రంథము ప్రకటించెను. సుమారు వేయి సంవత్సరములకు పూర్వమే సామాభాషల పూర్వులు జాంబోవాంగాకును బాసిలాన్‌నకును నడుమనున్న జలసంధి ప్రాంతమున నుండి, అచ్చటినుండి నలుదెసల వ్యాపించిరని ఆయన యభిప్రాయము. ఈ శాఖకు బోర్నియో ద్వీపమందలి బరితో నదీప్రాంతపు భాషలతో పురాతనసంబంధము గలదని రాబర్ట్ బ్లస్ట్ అను మఱియొక పండితుడు తరువాత వాదించెను. ఇనబక్నోన్ ఈ శాఖలో మిగిలినవానికంటె ముందుగా వేఱుపడిన భాషలలోని దని పోలికలవలన తెలియుచున్నది. ఐతిహ్యము నాయకుని పేరు చెప్పును గాని సంవత్సరము చెప్పదు. భాషాశాస్త్రము వరుసక్రమమును చెప్పును గాని పేరు చెప్పదు. దక్షిణమునుండి సముద్రముమీద వచ్చిన జనము అను విషయమున మాత్రము రెండును ఏకీభవించుచున్నవి.

ఇచ్చట చదువరులు క్షణ మాగి యాలోచింపదగిన సంగతి యొకటి యున్నది. పదునెనిమిదవ, పందొమ్మిదవ శతాబ్దములలో విసయతీరములను దోచిన పడవలవారిలో ఇరానూన్ జనులతోపాటు బలాంగింగీ సామాలును ప్రసిద్ధులు. వీరి భాష కాపుల్ భాషకు జ్ఞాతి. కోటగోడలలో దాగిన తల్లులును, తెడ్లువేయుచు వచ్చిన శత్రువులును ఒక్క పూర్వభాషకు వారసులు. భాష యొక్కటైనంతమాత్రమున స్నేహము కలుగదు. భాష వేఱైనంతమాత్రమున వైరము కలుగదు. తమకు వేషభాషలు కలియని వారాయ్‌వారితోనే కాపుల్‌వారు సంతలోను, గుడిలోను, పొరుగుతనములోను కలిసి మెలిసి బ్రతికిరి.

ఎట్లు నిలిచినది?

చుట్టును సముద్ర ముండుటచే భాష చెడక నిలిచినదని యెవరైనను జెప్పవచ్చును. అది సగమే నిజము. కాపుల్ లోకమునకు దూరమైన మూల కాదు. రెండువందల యేబది సంవత్సరములు ప్రపంచవాణిజ్యము దాని వాకిటముందునుండి నడచెను. స్పెయినువారు వచ్చిరి, అమెరికావారు వచ్చిరి. నేడు మనీలాకు చదువులకును, కొలువులకును పోవువారు కలరు. సామార్ తీరపు సంతలకు నిత్యము పడవలు పోవుచున్నవి. సముద్రము గోడయైనచో ఆ గోడకు తలుపు లెన్నియో యుండెను.

నిజమైన కారణము వేఱొకటి. కాపుల్‌వారు ఒక్కొక్క భాష కొక్కొక్క చోటు నిచ్చిరి. సామార్‌వారితో వారాయ్, దేశమందలి యితరులతో ఫిలిపీనో, పెద్దచదువునకును కచేరీలకును ఇంగ్లీషు. ఇంటిలోను, పడవమీదను, తోటలోను ఇనబక్నోన్. కొత్తభాష వచ్చినప్పుడు పాతభాషను లేపి వెలుపలికి బంపలేదు. కొత్తదానికి వసారాలో చోటిచ్చిరి, పాతదానిని నడిమింట నుండనిచ్చిరి. పసిబిడ్డ మొదట విను మాట తల్లి నోట ఇనబక్నోన్ మాటయే గావున ప్రతితరమునను భాష మరల పుట్టుచున్నది.

భాషను మడిగట్టి యుంచుటచేత అది నిలిచిన దనుకొనరాదు. ఇనబక్నోన్‌లో వారాయ్ మాటలు చాల చేరినవి; స్పెయిను మాటలును చేరినవి. ఫిలిప్పీను భాషలలో పెక్కింట మేజాబల్లకు 'మేసా', పుస్తకమునకు 'లిబ్రో' అని స్పెయిను మాటలు వాడుకలో నున్నవి. టగాలోగువారు తువాలును 'తువాల్యా' యందురు. మన 'తువాలు'ను పోర్చుగీసు మాటయే. స్పెయినుమాటకు అది తోబుట్టువు. ఒకే యొడలు తుడుచుకొను గుడ్డ పేరు రెండు సముద్రములమీదుగా రెండు దేశములకు వచ్చినది. అట్టి మాటలు చేరుటచే తెలుగు తెలుగు గాకపోలేదు. ఇనబక్నోన్‌ను ఇనబక్నోన్ గాకపోలేదు. మాటలను దెచ్చుకొన్న భాష బ్రతికినది. పిల్లలతో మాటలాడుట మానిన భాషయే చచ్చినది.

దూరపు జ్ఞాతులను విడిచి పరభాషల నడుమ నిలిచిన భాషకు మన కుటుంబములోను దృష్టాంతము కలదు. బలూచిస్తానమందలి బ్రాహుయీ ద్రావిడభాష. తెలుగునకును తమిళమునకును జ్ఞాతి. వేయికిపైగా కిలోమీటర్ల దూరమున, ఇతరకుటుంబముల భాషల నడుమ, నేటికిని వాడుకలో నున్నది.

బడిలో నేమగును?

ఇంటిలో నిలిచిన భాషకు పరీక్ష బడిలో వచ్చును. అయిదేండ్ల బిడ్డ ఇంటిలో ఇనబక్నోన్‌లో ప్రశ్నలడిగి, కథలు విని, లెక్కలు నేర్చి బడికి వచ్చును. అచ్చట పుస్తకము వేఱు భాషలో నుండును. బిడ్డ నేర్వవలసినవి ఒక్కసారిగా రెండగును: పాఠమును, పాఠము చెప్పు భాషయును.

ఈ కష్టమును ఫిలిప్పీను ప్రభుత్వము గుర్తింపకపోలేదు. 2009లో విద్యాశాఖవారు చిన్నతరగతులలో మాతృభాషయందు బోధింపవలసినదని యుత్తరువిచ్చిరి. 2012 విద్యాసంవత్సరమున అది దేశమంతట నమలులోనికి వచ్చెను, 2013లో చట్టమాయెను. శిశుతరగతినుండి మూడవతరగతివఱకు మాతృభాషలో చదువు చెప్పుటకు మొదట 12 భాషలను, పిదప మఱి 7 భాషలను జేర్చి 19 భాషలను ఎన్నుకొనిరి. ఆ జాబితాలో వారాయ్ ఉన్నది, సామాశాఖలోనిదే యగు బాసిలాన్ ద్వీపపు యాకాన్ ఉన్నది, ఇనబక్నోన్ లేదు. నూటముప్పదికి పైగా భాషలుగల దేశమున పందొమ్మిదింటికి మాత్రమే తావు దొరకినప్పుడు పండ్రెండువేల జనుల ద్వీపము వెలుపల మిగిలిపోవుట వింతగాదు.

2024 అక్టోబరులో మఱియొక చట్టము వచ్చెను. దానిచే బోధనాభాష మరల ఫిలిపీనో, ఇంగ్లీషులే యాయెను. ప్రాంతీయభాషలు సహాయభాషలుగా మాత్రము నిలిచెను. ఐనను ఆ చట్టమున నొక తలుపు తెరిచి యుంచిరి. ఒక తరగతిలోని పిల్లలందఱును ఒకే మాతృభాషవారైనచో ఆ భాషలో బోధింపవచ్చును. కాని కొన్ని నియమములు తీరవలెను. ఆ భాషకు అధికారముగా ప్రకటితమైన లిపిపద్ధతి యుండవలెను, పదసంచయము ముద్రితమై యుండవలెను, పిల్లలకు చదువదగిన పుస్తకములుండవలెను, వ్యాకరణముండవలెను, ఆ భాష వచ్చి, ఆ భాషలో బోధింప శిక్షణపొందిన యుపాధ్యాయు లుండవలెను.

ఈ యయిదు నియమములను మరల చదువుడు. పెద్దభాషలవారికి ఇవి పుట్టుకతోనే దొరకిన యాస్తి. తెలుగుపిల్లవాడు బడికి వచ్చునప్పటికి నన్నయ మొదలు నేటివఱకు గల సాహిత్యమును, వ్యాకరణములును, నిఘంటువులును అతనికొఱకు సిద్ధముగా నున్నవి. చిన్నభాషవారు వీని నొక్కొక్కదానిని తమ చేతులతో గట్టుకొనవలెను. ఇనబక్నోన్ విషయమున కొంతపని జరిగినది. రోమక లిపిలో దానిని వ్రాయుచున్నారు. పండితులు దాని వ్యాకరణమును పరిశోధించిరి. క్రొత్తనిబంధన ఆ భాషలోనికి తర్జుమాయై యచ్చుపడినది. చేయవలసినది యింకను గలదు.

మన దేశమున నిట్టి పని చేసినవా రుండిరి. పర్లాకిమిడిలో నుపాధ్యాయుడైన గిడుగు వేంకటరామమూర్తిగారు (1863–1940) కొండలలోని సవరల భాషను వారినోటనే నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథము ప్రకటించిరి. సవరభాష తెలుగునకు గాని ఒడియాకు గాని బంధువు కాదు, ముండాశాఖకు చెందినది. తనది కాని భాషకొఱకు ఒక బడిపంతులు తన జీవితకాలమున నెంత చేయవచ్చునో ఆయన చూపిరి.

మనము గ్రహింపవలసినది

పెద్దవారి భాషలు నేర్చుటవలన చిన్నభాష చచ్చునని కొందఱు భయపడుదురు. చిన్నభాషను పట్టుకొని వ్రేలాడుటవలన పిల్లలు వెనుకబడుదురని మఱికొందఱు భయపడుదురు. కాపుల్ ద్వీపము ఈ రెండు భయములకును సమాధానము. అచ్చటి చేపలవాడు రెండుమూడు భాషలు వచ్చినవాడు. ఐనను తన భాషను వదలినవాడు కాడు. శతాబ్దములకొలది వచ్చిన భాష లేవియు ఇనబక్నోన్‌ను చంపలేదు. అది యెన్నడైనను అంతరించినచో, మఱియొక భాష నేర్చినందున గాదు, ఒకనాడు తల్లిదండ్రులు 'ఈ మాట మన బిడ్డ కక్కఱకు రాదు' అని యింటిలో దానిని మానినందుననే యగును. ఆ తీర్పు చెప్పువారు చట్టసభవారు గారు, బడివారు గారు. వంటయింటిలో పొయ్యియొద్ద కూర్చుండినవారు.

మా బడిలో చదువు పిల్లలలోను ఇంటిలో నొక మాట, బడిలో నొక మాట గలవారు కొందఱు కలరు. వారు తమ యింటిమాటను దాచుకొనవలసిన పని లేదు. తోడి విద్యార్థులు దానిని విని నవ్వుటకు బదులుగా, 'దీనిని మీరేమందురు?' అని యడిగినచో ఒక కొత్తమాట నేర్చినవారగుదురు. తల్లిదండ్రులు గూడ రాత్రి భోజనమైన పిదప, తాము తమ తల్లులయొద్ద విన్న కథ నొకదానిని, విన్న మాటలలోనే పిల్లలకు జెప్పుదురు గాక. పండ్రెండువేల జనుల ద్వీపము తన భాషను నిలుపుకొనుటకు మొదట చేసిన పని యదియే. నేటికిని చేయుచున్న పనియు నదియే.